తుది తరగతి ఆంగ్లసాహిత్యము - గంజాము తెలుగువారి కర్తవ్యము

మన సంఘసంచికలలో గతించిన వైభవమును గూర్చిన వ్యాసములకు కొరత లేదు. దేవాలయములు, జమీందారులు, అవధానములు, నాటకసమాజములు - వీనిని గూర్చి మనము తనివితీర వ్రాసికొంటిమి. కాని రాబోవు విద్యాసంవత్సరమున మన పిల్లలు ఏ పుస్తకము చదువబోవుచున్నారు, దానిని ఎట్లు చదువబోవుచున్నారు అను ప్రశ్న మన పుటలలో అరుదుగా కనబడును. ఈ వ్యాసము ఆ ప్రశ్నను గూర్చినది. పన్నెండవ తరగతి, అనగా పాఠశాల చదువునకు తుది యేడు, అందలి ఆంగ్లసాహిత్యపాఠము, దానికి ప్రణాళిక ఎవరు వేయవలెను, అందేమి యుండవలెను - ఇది మా విషయము. "అది ఉపాధ్యాయుల పని, పుస్తకములు బోర్డువారే నిర్ణయింతురు, మనకేల ఈ గోల?" అనువారితోనే మా వాదము.

తుది యేడనే ఎన్నుకొనుటకు కారణము స్పష్టము. పదునేడేండ్ల పిల్లవాడు మరుసటి యేడు భువనేశ్వరమునకో, విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో, బెంగుళూరునకో పోవును. ఇంజనీరింగులోను, వైద్యములోను సాహిత్యము పాఠ్యాంశము కాదు. కనుక మన పిల్లలలో పెక్కుమందికి పన్నెండవ తరగతిలో చదివిన ఆంగ్లవాచకమే జీవితమున నియమముగా చదివిన తుది సాహిత్యగ్రంథమగుచున్నది. తల్లిదండ్రుల కప్పు క్రింద, తాతమామ్మల మాట వినుచు, పుస్తకము చేతబట్టిన చివరి సంవత్సరమును అదియే. ఆ సంవత్సరమును గైడు పుస్తకములకు అప్పగించి మనము నిశ్చింతగా కూర్చుంటిమి.

కేంద్రీయ బోర్డు పాఠశాలలలో పన్నెండవ తరగతివారికి ఏండ్ల తరబడి చదివించుచు వచ్చిన ఆంగ్లవాచకము ఫ్లెమింగో. అందలి మొదటి పాఠము ఫ్రెంచి రచయిత ఆల్ఫాన్స్ దోదే వ్రాసిన ఆఖరి పాఠమను కథ. అది 1873లో వెలువడిన ఆయన కథాసంపుటిలోనిది. ఆల్సేస్ సీమ ప్రష్యావారి వశమైన పిమ్మట, బడులలో ఇక జర్మను మాత్రమే నేర్పవలెనని బెర్లినునుండి ఉత్తరువు వచ్చును. నలుబదియేండ్లు ఫ్రెంచి నేర్పిన హామెల్ అను ఉపాధ్యాయుడు తుది పాఠము చెప్పును. వెనుక బల్లలపై ఊరి పెద్దలు వచ్చి కూర్చుందురు. హౌసర్ అను ముసలివాడు చిరిగిన వాచకము తెచ్చుకొని, గొంతు వణకుచుండగా, పసిపిల్లలతో కలిసి అక్షరములు కూడబలుకును. ఆ ఉపాధ్యాయుడు నిందనంతయు శత్రువుపై మోపి ఊరకుండలేదు. పిల్లలను బడికి పంపుటకంటె పొలమునకో మిల్లునకో పంపి నాలుగు కాసులు తెచ్చుకొనుటకే ఇష్టపడిన తల్లిదండ్రులను తప్పు పట్టెను. పాఠము మాని పిల్లలచే తన తోటకు నీరు పోయించిన తన్నును తప్పు పట్టుకొనెను.

ఈ కథను బరంపురములోని తెలుగు పిల్లలు చదువుచున్నారు. మాతృభాషను గూర్చి హామెల్ ఏమనెనో వ్రాయుమని ప్రశ్న వచ్చును. గైడులోని సమాధానమును కంఠస్థము చేసి, చక్కని ఆంగ్లములో వ్రాసి, నిండు మార్కులు తెచ్చుకొందురు. ఇంటికి వచ్చి తాతగారి పేర వచ్చిన తెలుగు శుభలేఖను తలక్రిందులుగా పట్టుకొందురు. అమ్మమ్మకు ఫోనులో పంపు తెలుగుమాటను ఆంగ్లాక్షరములలో వ్రాయుదురు. మాతృభాష పోయిన దుఃఖమును గూర్చి మార్కులు తెచ్చుకొనుచు, మాతృభాష పోవుచున్న సంగతి గమనింపని చదువు సాహిత్యపఠనము కానేరదు. ఈ తప్పు పిల్లలది కాదు. ఆ కథకును ఈ ఊరికిని గల సంబంధమును వారికి చెప్పినవారు లేరు.

ఆ సంబంధమును చెప్పవలసివచ్చినపుడు సగము చెప్పరాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, చెన్నరాజధానిలోని గంజాము జిల్లాలో అధికభాగము, బరంపురముతో సహా, అందు చేరినది. గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరిన సంవత్సరమును అదియే. ఈ కథ మన యిండ్లలో అందరికిని తెలియును. కాని అంతకు ముందటి కథ తెలియదు. చెన్నరాజధానిలో నున్నంతకాలము గంజాములోని ఒడియా సోదరులు తమ పిల్లలకు తమ భాష బడిలో దక్కలేదని, కచేరీలలో తెలుగే చెలామణి యగుచున్నదని మొరపెట్టుకొనిరి. ఉత్తరమున, ఒడియా స్వతంత్రభాషయే కాదని 1870లో ఒక వంగీయుడు పుస్తకమే వ్రాసెను. 1903లో మధుసూదనదాసుగారి నాయకత్వమున ఉత్కళ సమ్మేళనము ఆ బాధనుండి పుట్టినది. కనుక హామెల్ మాటలు ఈ నేలపై మొదట ఒడియావారికి వర్తించినవి, పిదప మనకు వర్తించినవి. ఇరుగుపొరుగుల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండి ఆ కథ చదువునపుడు ఈ రెండు సత్యములును వారికి తెలియవలెను. అట్లు తెలిసిన పిల్లవానికి పరభాషాద్వేషము పుట్టదు.

ఆల్సేస్ చరిత్రలో ఇంకొక మెలిక కలదు. దానిని వాచకము చెప్పదు. ఆ సీమలోని సామాన్యుల యింటిభాష చాలవరకు ఫ్రెంచి కాదు; జర్మను కుటుంబమునకు చెందిన ఒక మాండలికము. 1871లో జర్మనీకి, మొదటి ప్రపంచయుద్ధానంతరము ఫ్రాన్సునకు, 1940లో మరల జర్మనీకి, 1945 నాటికి మరల ఫ్రాన్సునకు ఆ సీమ చేతులు మారినది. ఇన్ని ఉత్తరువులకును తాళుకొనిన ఆ యింటిభాష, 1945 తరువాత బడి దానిని చిన్నచూపు చూడగా, పిల్లల మేలు కోరి తల్లిదండ్రులే వారితో దానిని మాటలాడుట మానగా, క్షీణించినది. మనకు ఈ భాగమే ముఖ్యము. బరంపురమునకు ఏ రాజధానినుండియు తెలుగు మానుడని ఉత్తరువు రాలేదు. రాజ్యాంగములో 1956లో చేర్చిన 350ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనమునకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ అధికరణము ప్రాథమికదశతో ఆగినది. ఆ పైన నిలుపుకొనవలసినవారము మనమే.

నిలుపుకొంటిమా? ఒడిశాలో ఉన్నత మాధ్యమిక విద్యామండలి 1982లో ఏర్పడినది. దాని ప్రణాళికలో ఆంగ్లము అందరికిని విధి. దానికి తోడుగా ఆధునిక భారతీయభాష యొకటి ఎన్నుకొనవలెను. ఆ భాషల పట్టికలో ఒడియా, హిందీ, బెంగాలీ, ఉర్దూలతోపాటు తెలుగుకును చోటు కల్పించిరి. ఆ వరుసలోనే ప్రత్యామ్నాయ ఆంగ్లమను పత్రమును పెట్టిరి. తెలుగు చెప్పు కళాశాల అందుబాటులో నున్నను, "ఒక ఆంగ్లముండగా ఇంకొక ఆంగ్లము మేలు" అని బిడ్డచే ఆ పత్రము నెన్నుకొనజేసిన తండ్రులు మనలో లేరా? విద్యార్థులు చేరనిచోట అధ్యాపకుని నియమింపరు. అధ్యాపకుడు లేనిచోట విద్యార్థులు చేరరు. ఈ వలయమును మొదలుపెట్టినది ప్రభుత్వము కాదు. మన యింటి దరఖాస్తు ఫారము.

"పాఠ్యప్రణాళిక యను చిన్న విషయమునకు ఇంత వాదమా?" అని కొందరు నవ్వుదురు. వారికి ఈ జిల్లా చరిత్రయే సమాధానము. ఇరువదవ శతాబ్దారంభమున జె.ఏ. యేట్సు దొర ఉత్తరసర్కారులకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చి, విద్యార్థి మాటలాడు తెలుగునకును వ్రాయు తెలుగునకును ఇంత దూరమేల అని ప్రశ్నించెను. నాటి గంజాము జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగువారు, విజయనగరములోని గురజాడ అప్పారావుగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. స్కూలు ఫైనలు, ఇంటర్మీడియట్ తరగతుల పిల్లలు వ్యాసపత్రమును ఏ తెలుగులో వ్రాయవలెనను వివాదమది. అనగా తుది తరగతుల ప్రణాళికను గూర్చిన వివాదమే. గురజాడవారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రము దానినుండి పుట్టినదే. నేటి తెలుగు వచనమంతయు ఆ పోరాటఫలము. బరంపురముననే 1887లో జన్మించి, పర్లాకిమిడిలో గిడుగువారి శిష్యుడైన తాపీ ధర్మారావుగారు ఆ వచనమును పత్రికలకెక్కించిరి. సంచిక సంప్రదాయము ననుసరించి మేము గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచున్నను, ఆ పోరున న్యాయము గిడుగువారి పక్షమున నుండెనని చెప్పుటకు మాకు సంకోచము లేదు. ఒక బడిపంతులు పరీక్షాపత్రమును గూర్చి పట్టుబట్టి ఒక భాష నడకనే మార్చగలిగిన జిల్లా ఇది. ఇందు నివసించుచు ప్రణాళిక మనకేల అనుట తగదు.

ఆంగ్లము వలదని మేము చెప్పుట లేదు. గురజాడవారు 1883లో సారంగధర కథను ఆంగ్లపద్యములలో వ్రాసి కలకత్తావారి మెప్పు పొందిరి. మాతృభాషలో వ్రాయుమని శంభుచంద్ర ముఖర్జీ చెప్పిన హితవును మన్నించిరి. 1897లో కన్యాశుల్కమునకు పీఠిక ఆంగ్లముననే వ్రాసిరి. ఆ నాటకములోనే ఆంగ్లవ్యామోహమును ఎండగట్టిరి. వెంకటేశము తల్లి వెంకమ్మ, కొడుకును గిరీశమును ఒకసారి ఇంగ్లీషు మాటలాడుమని ముచ్చటపడి అడుగును. గురుశిష్యులు పొంతన లేని మాటలను, పాఠములలోని తునకలను ఒకరిపై నొకరు విసరికొందురు. తల్లి మురిసిపోవును. ఆ వెంకమ్మ చదువురాని యిల్లాలు, ఆమెను క్షమింపవచ్చును. డిగ్రీలు గల నేటి తల్లిదండ్రులు, బిడ్డ నోట దొరలు ఆంగ్లమును విని, ఆ బిడ్డ ఒక్క ఆంగ్లగ్రంథమునైనను మొదటినుండి తుదివరకు చదివెనా అని అడుగకుండుటను ఎట్లు క్షమింపవలెను?

ఇక ఆక్షేపణలు. "పిల్లలకు తీరిక లేదు, నీట్, జేఈఈ కోచింగులతో అలసియున్నారు" అనునది మొదటిది. ఇందు నిజము కలదు. కనుకనే మేము కోరునది మితము. ఏడాదిలో నలుబది ఆదివారములు, వారమునకు గంటన్నర; మొత్తము అరువది గంటలు, అనగా రెండున్నర దినములు. పదునేడేండ్లు పెంచిన భాషకు రెండున్నర దినములు కేటాయింపలేని యిల్లు, తీరిక లేదనక ఇష్టము లేదని చెప్పుట నిజాయితీ.

"తెలుగు కూడు పెట్టునా?" అనునది రెండవది. గంజాములో కూడు పెట్టునది ఒడియా, దూరదేశములలో ఆంగ్లము, దీనిని కాదనము. ఒడియాను మన పిల్లలు నిండుగా నేర్వవలెను. ఇది మనకు అన్నము పెట్టిన నేల. ఐతే సాహిత్యపాఠమును కూటిలెక్కతో తూచినచో ఆంగ్లసాహిత్యమును తీసివేయవలసివచ్చును; కీట్సు పద్యము ఏ ఉద్యోగమును ఇప్పింపదు. ఆంగ్లపద్యమునకు లేని పరీక్ష తెలుగుపద్యమునకు మాత్రమేల?

"ఆంగ్లసాహిత్యపాఠమున ఆంగ్లేయుల గ్రంథములే యుండవలెను, అనువాదములు కలుపుట కల్తీ" అనునది మూడవది. దీనికి బరంపురముబిడ్డ చరిత్రయే జవాబు. 1894లో ఇచ్చట పుట్టి, 1969లో రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో డబ్లిను చేరి అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలో చదివిరి. ఆ కాలమున ఆ కళాశాలలో ఆంగ్లసాహిత్యము బోధించినవారిలో కవి థామస్ మెక్డోనా యొకరు. ఆయన ఐరిషుభాషాభిమాని, ఐరిషు, ఆంగ్లము రెండింటను బోధించు పాఠశాలలో పనిచేసినవాడు. ఐర్లండు సాహిత్యమునకు రెండు భాషలలోను ప్రాణమున్నదని చూపుచు గ్రంథము వ్రాసెను. 1916లో స్వాతంత్ర్యసమరనాయకులలో నొకడుగా మే 3వ తేదీన కాల్చివేయబడెను. ఆ గ్రంథము మరణానంతరము వెలువడినది. ఆంగ్లసాహిత్యము బోధించుటకును, సొంతభాషను నిలుపుటకును విరోధము లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? ఫ్లెమింగోలోని మొదటి పాఠమే ఫ్రెంచినుండి అనువాదము. దాని జతవాచకమైన విస్టాస్‌లో బామ బాల్యస్మృతి తమిళమూలము గలది. ఫ్రెంచికి, తమిళమునకు తెరచిన ద్వారము తెలుగునకు, ఒడియాకు మూయుట ఎట్లు న్యాయము?

కేవలము ఖండించి తప్పుకొనుట మా ఉద్దేశము కాదు. సంఘము పక్షమున మేము ప్రతిపాదించు ప్రణాళిక ఇది. బోర్డు పాఠములను ఇది త్రోసిపుచ్చదు. ప్రతి పాఠమునకును ప్రక్కన ఒక తోడుపాఠము నుంచును. రాష్ట్రమండలి వాచకములు చదువు పిల్లలకు ఆంగ్లపాఠములు వేరైనను తోడుపాఠములు ఇవియే చాలును.

ఏప్రిలు మొదలు జూను వరకు అక్షరకాలము. ఆఖరి పాఠమను కథను ఆంగ్లమున చదువవలెను. దాని ప్రక్కన ఫకీరమోహన సేనాపతి 1898లో వ్రాసిన రేవతి కథను ఒడియాలోను, గురజాడవారు 1910లో ఆంధ్రభారతిలో ప్రకటించిన దిద్దుబాటు కథను తెలుగులోను చదువవలెను. మొదటి కథలో ఒక ఊరికి భాష పోవుచున్నది. రెండవదానిలో ఒక బాలిక చదువు కోరి, అమ్మమ్మ శాపములు వినుచున్నది. మూడవదానిలో చదువుకొన్న యిల్లాలు భర్తకు బుద్ధి చెప్పుచున్నది. మూడును చిన్నవి. మన పిల్లలకు ఒడియాలిపి బడిలో వచ్చినదే. తెలుగులిపికి ఆరు ఆదివారములు చాలును, మాట ముందే నోట నున్నది కనుక. ఆ ఆరు వారములును వెనుక బల్లలపై తాతమామ్మలు కూర్చుండవలెను. హౌసరు ముసలివాడు మన ఊర ప్రతి వీధిలోను కలడు. అతనిని పిలుచువారే లేరు.

జూలై మొదలు దసరా వరకు బామ స్మృతిని, దానితో జాషువాగారి గబ్బిలమును చేపట్టవలెను. 1941లో వెలువడిన ఆ కావ్యమున అంటరానివాడని త్రోయబడిన నిరుపేద గబ్బిలముచే శివునకు సందేశము పంపును. పద్యము కఠినమని భయము వలదు. రాగమెత్తి చదువగల పెద్దలు మనలో నేటికిని మిగిలియున్నారు. వారు పాడగా విని, పిదప అర్థము తెలిసికొనవలెను. మన సంఘములలో అగ్రకులములవారి గ్రంథములే సంస్కృతి యను భ్రమ కొంత కలదు. అదియు ఈ పాఠముతో తొలగును. దసరా సెలవులలో ఆర్.కె. నారాయణ్ 1945లో వెలువరించిన ది ఇంగ్లీష్ టీచర్ నవలను ప్రతి విద్యార్థియు ఇంట పూర్తిగా చదువవలెను. ఆంగ్లోపాధ్యాయుడే తన కళాశాలచదువు నిర్జీవమని గ్రహించి ఉద్యోగము వదలుకొనిన కథ అది. గైడులతో విసిగిన పిల్లలకు వేరుగా వివరింపనక్కరలేదు.

దసరా నుండి డిసెంబరు వరకు రెండు గొప్ప గ్రంథములు. 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి వ్రాయబడిన కన్యాశుల్కము ఒకటి. 1897 నుండి 1899 వరకు ఉత్కళసాహిత్య పత్రికలో వెలువడిన ఫకీరమోహనుని ఛ మాణ ఆఠ గుంఠ రెండవది. ఒకే తూర్పుతీరమున ఒకే దశాబ్దమున పుట్టిన ఈ రెండు రచనలును నవ్వించుచునే సంఘమును కడిగివేసినవి. ఫకీరమోహనుని నవలలో జమీందారు మంగరాజు, సాలెదంపతులైన భగియా సారియాల భూమిని కాజేయును. పట్టుమగ్గముల బరంపురములో ఈ కథ పరాయిది కాదు. రెండింటికిని మంచి ఆంగ్లానువాదములు కలవు: నవలకు 2005లో, నాటకమునకు వెల్చేరు నారాయణరావుగారిది 2007లో వెలువడినవి. పిల్లలు వానిని ఆంగ్లమున పూర్తిగా చదివి, ముఖ్యమైన ఘట్టములను మూలమున చదువవలెను. కన్యాశుల్కములో ఒక అంకమును సంఘమందిరమున ఆడవలెను. అనువాదమున ఏమి జారిపోయినదో చెప్పగలిగిన పిల్లవానికి మూడు భాషలును వచ్చినట్లే.

జనవరిలో కొత్తపాఠము వలదు. ప్రతి విద్యార్థియు గైడు చూడక, యంత్రమునడిగి వ్రాయించుకొనక, చదివిన రెండు గ్రంథములను పోల్చుచు స్వహస్తమున ఆంగ్లమున నాలుగు పుటలు, తెలుగున ఒక పుట వ్రాయవలెను. తెలుగుపుటలో తప్పులున్నను సరే. ఆ వ్యాసములలో మేలైనవానిని మరుసటి సంచికలో అచ్చు వేయవలెను. మన పిల్లల వ్రాతకు ఈ సంచికలో చోటు లేనిచో ఈ సంచికకు రేపటి పాఠకుడెవడు?

ఇందుకు కావలసిన ధనము స్వల్పము. ఏడెనిమిది పుస్తకములు, ఒక్కొక్కటి పది ప్రతులు, ఆదివారము ఉదయము ఒక గది, ఓపిక గల ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు. ఉగాదికి పందిరి వేయుటకును, సన్మానములకు శాలువలు కొనుటకును మనకు ధనము చాలుచున్నది, దీనికిని చాలును. 1856లో పాఠశాలగా మొదలై, 1878లో కళాశాలయై, ఖల్లికోట రాజుగారి ఔదార్యముతో నిలిచిన విద్యాలయము గల ఊరు ఇది. చదువునకు ఇచ్చుట ఈ ఊరికి కొత్త కాదు.

మేము కోరునవి మూడు. ఒకటి, తెలుగు ఎన్నుకొను అవకాశమున్నచోట రాబోవు ఏట దరఖాస్తు ఫారములో ప్రత్యామ్నాయ ఆంగ్లమునకు బదులు తెలుగు అని వ్రాయుడు. రెండు, మీ యింటి పన్నెండవ తరగతి పిల్లను, పిల్లవానిని ఆదివారపు పాఠమునకు పంపుడు; వారితో ఒక పెద్దను గూడ పంపుడు. మూడు, సంఘకార్యవర్గము తన వార్షికసభలో ఈ ప్రణాళికను చర్చించి, అంగీకరించినచో అమలుపరుపవలెను, నిరాకరించినచో కారణములు చెప్పవలెను. ఊరకుండుట మాత్రము సమాధానముగా గ్రహింపము. ఏప్రిలు నెల దూరమున లేదు. పుస్తకముల పట్టిక పైన నిచ్చితిమి. పేరులు నమోదు చేయవలసినవారు పెద్దలు.